అల్లాయ్ చక్రాలు: అందానికా, అవసరానికా?

నంద్యాలలో ఉంటున్న మా మేనల్లుడు గత రంజాన్ పండుగ తర్వాత ఒక చిన్న కారు కొన్నాడు. కొత్తది కాదు, ఆరేళ్ల క్రితం తయారై, ఒకరి చేతిలో తిరిగిన బండి. ఇంట్లో అవసరం అలాంటిది. వాళ్ల అబ్బాకు వెన్నుపూస నొప్పి. నెలకు రెండుసార్లు కర్నూలు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అంత దూరం బస్సులో కూర్చోలేకపోతున్నారు. కారు వచ్చి నెల తిరగకముందే మేనల్లుడు ఫోన్ చేశాడు.

“మామూ, బండికి అల్లాయ్ వీల్స్ వేయిద్దామనుకుంటున్నాను. పదహారు అంగుళాల రిమ్ములు, వాటికి సరిపడే టైర్లు, అన్నీ కలిపి షాపులో యాభై ఎనిమిది వేలు చెప్పారు. బండి కొత్తదానిలా కనిపిస్తుందంటున్నారు. పైగా మైలేజీ పెరుగుతుందట, బ్రేకులు బాగా పడతాయట. మీరేమంటారు?”

వద్దని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కాని కారణం చెప్పకుండా వద్దంటే అది పెద్దరికమే అవుతుంది గాని సలహా కాదు. యాభై ఎనిమిది వేలంటే ఆ ఇంటికి రెండు నెలల ఖర్చు. అలాంటి మొత్తం చేయి దాటే ముందు దానికి బదులుగా ఏమి చేతికి వస్తుందో లెక్క చూసుకోవడం ఇంటి పెద్దలందరి బాధ్యత. ఆ లెక్కనే ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను. ఇది మా మేనల్లుడి ఒక్కడి ప్రశ్న కాదు. కారు ఉన్న ప్రతి ఇంట్లోనూ, కొనబోతున్న ప్రతి ఇంట్లోనూ నేడు ఇదే మాట వినిపిస్తోంది.

రెండు చక్రాలు, రెండు పుట్టుకలు

మామూలు కారుకు వచ్చే ఉక్కు చక్రం ఉక్కు రేకుతో తయారవుతుంది. టైరు కూర్చునే బయటి వలయాన్ని ఒక రేకును గుండ్రంగా వంచి చేస్తారు. నట్లు బిగించే మధ్య పళ్లాన్ని మరొక రేకును ప్రెస్సులో ఒత్తి చేస్తారు. రెండింటినీ కలిపి వెల్డింగ్ చేసి, తుప్పు పట్టకుండా నల్లరంగు వేస్తారు. ఆ నలుపు కనిపించకుండా పైన ప్లాస్టిక్ వీల్ క్యాపు తొడుగుతారు. పని తేలిక, ముడిసరుకు చవక. అందుకే ధర తక్కువ.

అల్లాయ్ చక్రం కథ వేరు. అల్లాయ్ అంటే మిశ్రలోహం అని మాత్రమే అర్థం. నిజానికి ఉక్కు కూడా మిశ్రలోహమే. అయితే వాడుకలో అల్లాయ్ వీల్ అంటే అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రం. ఎక్కువగా వాడే మిశ్రమంలో అల్యూమినియంతో పాటు సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిపాటి మెగ్నీషియం ఉంటాయి. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చక్రాన్ని ఒకే ముక్కగా పోత పోస్తారు. తర్వాత దాన్ని కొలిమిలో సుమారు 540 డిగ్రీల వద్ద గంటల తరబడి కాచి, నీటిలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో ఉంచుతారు. ఈ వేడి ప్రక్రియ వల్లనే ఆ చక్రానికి అసలు బలం వస్తుంది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికివస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1924లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జరిగిన గ్రాండ్ ప్రి పందెంలో బుగాటి సంస్థ తన టైప్ 35 కారును అల్యూమినియం పోత చక్రాలతో నిలబెట్టింది. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతో కలిసే ఉండేది. ఆ తర్వాతి కాలంలో పందెపు కార్లకు మరింత తేలికైన మెగ్నీషియం చక్రాలు వచ్చాయి. కాని మెగ్నీషియం త్వరగా తినుకుపోతుంది, ధర కూడా ఎక్కువ. అందుకే ఇంటి కార్ల వరకు వచ్చేసరికి అల్యూమినియమే నిలిచింది. అంటే అల్లాయ్ చక్రం పుట్టింది పందెం కోసం. క్షణంలో పదోవంతు ఆదా చేసుకోవలసిన చోట పుట్టిన వస్తువు, పిల్లలను బడికి దింపి కూరగాయలు తెచ్చే బండికి ఎంత ఉపయోగం అన్నదే మన ప్రశ్న.

బరువు లెక్క

ఒక ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.85 గ్రాములు తూగితే, అదే పరిమాణంలో అల్యూమినియం 2.7 గ్రాములే తూగుతుంది. అంటే మూడో వంతు. ఈ అంకె చూసి అల్లాయ్ చక్రం ఉక్కు చక్రంలో మూడో వంతే బరువుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అల్యూమినియం ఉక్కు అంత గట్టిది కాదు గనుక అదే బరువును మోయాలంటే దాన్ని మందంగా పోయాలి. రేకులా పలుచగా ఉంటే సరిపోదు. చివరికి ఒకే సైజులో ఉన్న రెండు చక్రాలను తూకం వేస్తే, చిన్న కార్లలో తేడా సాధారణంగా ఒకటి రెండు కిలోలకు మించదు. అదే అల్లాయ్‌ను ఒక అంగుళమో రెండంగుళాలో పెద్ద సైజులో తీసుకుంటే ఆ కాస్త తేడా కూడా పోతుంది. కొన్నిసార్లు అల్లాయే ఎక్కువ తూగుతుంది. పోత పోయకుండా, భారీ ఒత్తిడితో లోహాన్ని అదిమి చేసే ఫోర్జ్‌డ్ చక్రాలు నిజంగానే తేలిక. అయితే వాటి ధర మామూలు కుటుంబానికి అందేది కాదు.

చక్రం తేలికైతే లాభం లేకపోలేదు. కారు శరీరాన్ని స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మోస్తాయి. చక్రాన్ని, టైరును, బ్రేకును మోసేది మాత్రం నేరుగా రోడ్డే. ఈ కింది భాగం ఎంత తేలికగా ఉంటే గతుకుల్లో చక్రం అంత చురుకుగా లేచి అంత త్వరగా నేలను అందుకుంటుంది. టైరు రోడ్డును వదలకుండా ఉంటుంది. పందెం కారుకు ఇది ప్రాణం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నడిచే ఇంటి బండిలో ఒకటి రెండు కిలోల తేడాను డ్రైవరు గుర్తుపట్టడం కష్టం.

మైలేజీ నిజంగా పెరుగుతుందా?

అమ్మేవారు ముందుగా చెప్పే మాట ఇదే కాబట్టి కాగితం మీద లెక్క వేసి చూద్దాం. అల్లాయ్ వైపే మొగ్గు చూపుతూ లెక్కిద్దాం.

ఒక్కో చక్రం కిలోన్నర తగ్గిందనుకుందాం. నాలుగింటికి 6 కిలోలు. తిరిగే వస్తువు బరువు తగ్గితే, బండి వేగం అందుకునేటప్పుడు మామూలు బరువు కంటే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. అది గరిష్ఠంగా రెట్టింపు అనుకుందాం. అంటే 12 కిలోలు తగ్గించినట్లు. మనుషులతో కలిపి బండి బరువు 1,200 కిలోలైతే, ఇది అందులో ఒక్క శాతం. కారు బరువు 10 శాతం తగ్గితే ఇంధనం సుమారు 6 శాతం ఆదా అవుతుందని వాహన పరిశ్రమలో స్థూలంగా అంచనా వేస్తారు. ఆ ప్రకారం ఒక్క శాతానికి 0.6 శాతం ఆదా.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తే నెలకు సుమారు 56 లీటర్ల పెట్రోలు కావాలి. అందులో 0.6 శాతమంటే లీటరులో మూడో వంతు. లీటరు 108 రూపాయలనుకుంటే నెలకు 36 రూపాయలు, ఏడాదికి 432 రూపాయలు. రిమ్ములకే 28,000 రూపాయలు పెడితే ఆ సొమ్ము పెట్రోలు రూపంలో తిరిగి రావడానికి 64 సంవత్సరాలు దాటుతుంది. కారు ఆయుష్షు అంత లేదు.

అదే టైర్లలో గాలి వారం పదిరోజులకొకసారి సరిచూసుకుంటే, ఏ ఖర్చూ లేకుండానే ఇంతకన్నా ఎక్కువ ఇంధనం మిగులుతుంది. గాలి తక్కువైన టైరు నేలకు అతుక్కుని బండిని వెనక్కి లాగుతూనే ఉంటుంది.

బ్రేకుల సంగతి

అల్యూమినియం వేడిని ఉక్కు కంటే సుమారు మూడు రెట్లు వేగంగా గ్రహించి బయటికి పంపుతుంది. అల్లాయ్ చక్రాల పుల్లల మధ్య ఖాళీ కూడా ఎక్కువగా ఉంటుంది గనుక బ్రేకులకు గాలి తగులుతుంది. శ్రీశైలం, తిరుమల ఘాట్లలో కిందికి దిగేటప్పుడు ఇది కొంత మేలు చేసే మాట నిజం. కాని బ్రేకు వేడిని ప్రధానంగా మోసేది బ్రేకు డిస్కే. చక్రం పాత్ర అందులో చిన్నది. ఘాట్ రోడ్డులో తక్కువ గేరు వేసి ఇంజను పట్టుతో బండిని దించేవారికి ఉక్కు చక్రాలతోనూ ఏ ఇబ్బందీ రాదు. బ్రేకు మీద కాలు తీయకుండా దిగేవారిని అల్లాయ్ చక్రం కాపాడలేదు.

గుంతలో పడినప్పుడు

మన రోడ్ల మీద అసలు పరీక్ష ఇక్కడే ఉంది. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతు ఎవరికీ తెలియదు. రాత్రివేళ రంగు వేయని స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వచ్చే వరకు కనిపించదు. చక్రం అంచు గుంత మొనను ఢీకొంటే ఉక్కు వంగుతుంది. టైరులో గాలి మెల్లగా దిగిపోవచ్చు, బండి ఊగవచ్చు. కాని పంక్చర్ షాపులో సుత్తితో కొట్టి బెండు తీసి, బ్యాలెన్సింగ్ చేయించి, ఎక్కువసార్లు అదే రిమ్మును మళ్లీ వాడుకోవచ్చు. బాగుచేయడానికి వీలు లేకుంటే కొత్త ఉక్కు రిమ్మే కొనుక్కోవచ్చు. దాని ధర అల్లాయ్ ధరలో చిన్న భాగం.

అల్లాయ్ చక్రం చిన్న దెబ్బలకు ఉక్కు కంటే గట్టిగానే నిలుస్తుంది, ఆకారం చెడదు. దెబ్బ హద్దు దాటితే మాత్రం వంగడంతో ఆగకుండా చిట్లుతుంది. చిట్లిన చక్రాన్ని వెల్డింగ్ చేసి ఇస్తామనే దుకాణాలు ఊరూరా ఉన్నాయి. ముందు చెప్పిన కొలిమి సంగతి ఇప్పుడు గుర్తు చేసుకోండి. ఆ చక్రానికి బలం వేడి ప్రక్రియ వల్ల వచ్చింది. వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ బలం పోతుంది. పైకి రంగు వేస్తే కొత్తదానిలా కనిపిస్తుంది. లోపల మాత్రం బలహీనమైన అతుకు మిగిలిపోతుంది. అంచు మీది గీతలు, రంగు పోవడం వంటివి బాగుచేయించుకోవచ్చు. పుల్లకు గాని, నట్లు బిగించే మధ్యభాగానికి గాని పగులు వస్తే ఆ చక్రాన్ని పక్కన పెట్టడమే క్షేమం. కుటుంబాన్ని ఎక్కించుకుని జాతీయ రహదారి మీద వెళ్లే బండికి అతుకు వేసిన చక్రం పెట్టడం ఏ విధంగానూ పొదుపు కాదు.

సైజు పెంచితే ఏమవుతుంది?

అల్లాయ్ వేయించేవారిలో చాలామంది సైజు కూడా పెంచుతారు. దీని ఫలితం తెలియాలంటే టైరు మీది అంకెలు చదవడం నేర్చుకోవాలి. ఉదాహరణకు 165/80 ఆర్14 అని ఉంటే, టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. దాని పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. రిమ్ము వ్యాసం 14 అంగుళాలు అని అర్థం.

చక్రం మొత్తం ఎత్తు మారితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది. అందుకని రిమ్ము పెరిగిన కొద్దీ టైరు గోడను తగ్గిస్తారు. 185/65 ఆర్15 టైరుకు పక్కగోడ 120 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 టైరుకు 107 మిల్లీమీటర్లు. మూడింటి మొత్తం ఎత్తు మాత్రం దాదాపు 620 మిల్లీమీటర్లే. అంటే పద్నాలుగు నుంచి పదహారుకు వెళితే రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఉన్న రబ్బరు గోడ 25 మిల్లీమీటర్లు, ఒక అంగుళం, తగ్గిపోతుంది.

ఆ అంగుళమే గతుకును మింగేది. గోడ పొట్టిదైతే మలుపుల్లో బండి గట్టిగా నిలుస్తుంది, నిజమే. కాని ప్రతి గతుకూ సీటు దాకా వస్తుంది. గుంతలో పడితే రబ్బరు పూర్తిగా నలిగి దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. వెడల్పు టైరు వల్ల స్టీరింగు కొంత బరువవుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. మైలేజీ పెరుగుతుందని చెప్పి సైజు పెంచి అమ్మడంలో ఎంత వైరుధ్యం ఉందో పాఠకులే గమనించగలరు.

మా మేనల్లుడితో నేను ముందుగా అన్న మాట ఇదే. “బేటా, ఈ కారు ఎవరి కోసం కొన్నావు? మీ అబ్బా వెన్నునొప్పి కోసం. ఆయనకూ రోడ్డుకూ మధ్య ఉన్న అంగుళం రబ్బరును యాభై ఎనిమిది వేలు ఇచ్చి తీయించేస్తానంటున్నావు.” అవతలి వైపు కాసేపు మాట వినిపించలేదు.

తుప్పు, ఉప్పుగాలి, శుభ్రత

ఉక్కు చక్రానికి రంగు లేచిపోతే తుప్పు పడుతుంది. ఏడాదికొకసారి వీల్ క్యాపులు తీసి చూసి, తుప్పును గీకి రంగు వేయించుకుంటే సరిపోతుంది. వీల్ క్యాపు గతుకుల్లో ఊడి పడిపోవడం అందరికీ అనుభవమే. ప్లాస్టిక్ ట్యాగుతో రెండుచోట్ల కట్టుకుంటే ఆ బాధ ఉండదు.

అల్లాయ్‌కు తుప్పు పట్టదన్న మాట సగమే నిజం. దానికి ఉక్కు మాదిరి ఎర్రని తుప్పు పట్టదు. కాని పైనున్న పారదర్శక పూత ఒకచోట లేచిందంటే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల ఉప్పుగాలిలో దాని కింద తెల్లని పొక్కులు వస్తాయి. టైరు కూర్చునే అంచు వద్ద ఇలా జరిగితే గాలి మెల్లగా దిగుతుంది. ముఖభాగాన్ని లేతు మీద చెక్కి మెరిపించే డైమండ్ కట్ చక్రాలు చూడ్డానికి అందంగా ఉన్నా, గీత పడితే మళ్లీ లేతు మీదే చెక్కాలి. ప్రతిసారీ కొంత లోహం పోతుంది గనుక ఆ పని ఒకటి రెండుసార్లకు మించి చేయించలేము. ఘాటైన యాసిడ్లతో కడగడం ఏ అల్లాయ్‌కూ మంచిది కాదు. సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ చాలు.

వేయించుకోవాలనుకుంటే

ఇంత విన్న తర్వాత కూడా అల్లాయ్ కావాలనిపిస్తే అది తప్పేమీ కాదు. అందాన్ని ఇష్టపడటం మనిషి సహజగుణం. అయితే కొనే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలి.

మొదటిది, కొలతలు. నట్ల సంఖ్య, అవి ఉండే వలయం వ్యాసం మీ కారువే అయి ఉండాలి. 4×100 అంటే 100 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు నట్లు; 5×114.3 అంటే 114.3 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు. మధ్య రంధ్రం హబ్బు మీద వదులు లేకుండా కూర్చోవాలి. రంధ్రం పెద్దదైతే దానికి సరిపడే రింగు తప్పనిసరి, లేకుంటే బండి వణుకుతుంది. చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి ఉండాలో తెలిపే ఆఫ్‌సెట్ కూడా కంపెనీ చెప్పినదానికి దగ్గరగా ఉండాలి. బయటికి పొడుచుకు వచ్చిన చక్రం బేరింగుల మీద భారం పెంచుతుంది. అన్ని రంధ్రాలకూ సరిపోతాయని రెండు వరుసల్లో చిల్లులు వేసిన చక్రాలకు దూరంగా ఉండటం మంచిది.

రెండవది, నాణ్యత. మన దేశంలో కార్ల ఉక్కు చక్రాలకు ఐఎస్ 9436, అల్లాయ్ చక్రాలకు ఐఎస్ 16192 ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం చక్రాన్ని వంపు బలంతో తిప్పి, బరువు మోపి తిప్పి, పైనుంచి బరువు పడవేసి పరీక్షిస్తారు. ఐఎస్ఐ గుర్తు, తయారీదారు పేరు, చక్రం మోయగల బరువు లోపలివైపు పోతలోనే కనిపించాలి. జపాన్ ప్రమాణాన్ని సూచించే జేడబ్ల్యూఎల్ గుర్తు కూడా కొన్నింటిపై ఉంటుంది. స్టిక్కరు తప్ప మరే గుర్తూ లేని చక్రాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

మూడవది, నట్లు. కొన్ని కార్లలో ఉక్కు చక్రానికీ అల్లాయ్‌కూ నట్ల ఆకారం వేరు. కొత్త చక్రాలు వేయించిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, నట్ల బిగువు మరొకసారి చూపించుకోవాలి. స్టెప్నీగా ఉక్కు చక్రమే ఉంటే దాని నట్లు డిక్కీలో ఉన్నాయో లేదో చూసుకోండి. స్టెప్నీ సైజు చిన్నదైతే దానితో గంటకు 80 కిలోమీటర్లు మించి పోకూడదు. ఆ హెచ్చరిక సాధారణంగా దాని మీదే రాసి ఉంటుంది.

నాల్గవది, బీమా. బయట వేయించిన అల్లాయ్ చక్రాల సంగతి బీమా సంస్థకు తెలియజేసి, అదనపు ప్రీమియం కడితేనే వాటికి రక్షణ ఉంటుంది. మామూలు పాలసీలో బండికి మరే దెబ్బా తగలకుండా టైర్లు మాత్రమే పాడైతే పరిహారం రాదు; బండితో పాటు పాడైనప్పుడు కూడా కొత్త టైరు ధరలో సగమే ఇస్తారు. ఇక చట్టం విషయానికి వస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతినే స్పష్టం చేసింది. కంపెనీ ఆ మోడలుకు ఏ సైజులు ఇస్తుందో వాటిలోనే ఉండటం క్షేమం. అవి డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టీ మీద, ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటాయి.

ఎవరికి ఏది?

కొత్త కారు కొనేవారి ప్రశ్న కొంచెం వేరు. పై వేరియంట్లలో అల్లాయ్ చక్రాలు ఇతర సౌకర్యాలతో కలిసి వస్తాయి. అప్పుడు చక్రాలను చూసి కాక, వాటితో పాటు ఏమి వస్తున్నదో చూసి నిర్ణయించుకోవాలి. ఆ అదనపు సొమ్ముతో పక్క ఎయిర్‌బ్యాగులు, బండి జారిపోకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్, వెనుక సీటులో మధ్యవారికి కూడా మూడు కొసల బెల్టు వస్తుంటే ఆ ఖర్చు సార్థకం. చక్రాలు, టచ్ స్క్రీను, పైకప్పు కిటికీ మాత్రమే వస్తుంటే కింది వేరియంట్ తీసుకుని మిగిలిన సొమ్మును అప్పు తగ్గించుకోవడానికి వాడుకోవడం మేలు.

ఎక్కువగా మంచి రహదారుల మీద, దూరప్రయాణాలు చేసేవారికి, కంపెనీ నుంచే అమర్చి వచ్చిన అల్లాయ్ చక్రాలు ఇబ్బంది పెట్టవు. అమ్మేటప్పుడు చూపరులను ఆకట్టుకోవడంలోనూ వాటికి కొంత విలువ ఉంది, కాని పెట్టిన సొమ్మంతా తిరిగి రాదు. పల్లె రోడ్లమీద తిరిగేవారికి, అద్దెకు బండి నడిపేవారికి, ఇంట్లో వృద్ధులో రోగులో ఉన్నవారికి ఎత్తైన గోడ ఉన్న టైరుతో ఉక్కు చక్రమే తగినది. ట్యాక్సీలలో ఎక్కువ భాగం ఉక్కు చక్రాల మీదే తిరగడం ఊరికే కాదు. రోజూ రోడ్డు మీద బతికే డ్రైవరు ఏ చక్రం ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ బాగవుతుందో తెలిసినవాడు.

ఇక మన ఇళ్లలో ఈ చర్చకు మరో కోణం ఉంది. ఇస్రాఫ్ అంటే దుబారా అని మనందరికీ తెలుసు. ఖరీదైన ప్రతి వస్తువూ దుబారా కాదు, చవకైన ప్రతిదీ పొదుపూ కాదు. చేయవలసిన ఖర్చును పక్కన పెట్టి, కనిపించే ఖర్చు చేయడంలోనే దుబారా ఉంది. పొరుగింటి బండికి ఉన్నాయన్న ఒకే ఒక్క కారణంతో వేయించుకునే చక్రాలు ఆ కోవలోకే వస్తాయి.

చివరికి ఏమి చేశారు?

ఆ రోజు ఫోనులో మేనల్లుడికి ఒక పని చెప్పాను. “రిమ్ముల సంగతి తర్వాత చూద్దాం. ముందు టైర్ల పక్కన ఒక గళ్లలో నాలుగంకెలు ఉంటాయి, చదువు. తర్వాత కిందికి వంగి టైరు లోపలివైపు చెయ్యి పెట్టి చూడు.” అరగంటలో తిరిగి ఫోన్ చేశాడు. అంకెలు 2619. అంటే 2019వ సంవత్సరం 26వ వారంలో తయారైనవి. బండితో పాటు వచ్చిన టైర్లే. రెండు టైర్ల మీద గాడుల లోతు, చట్టం చెప్పే కనీసం 1.6 మిల్లీమీటర్లను చూపే గుర్తు దాకా అరిగిపోయింది. ఎడమవైపు ముందు టైరుకు లోపలి గోడ మీద నిమ్మకాయంత బుడిపె ఉంది. రబ్బరు లోపలి దారాలు తెగినప్పుడు వచ్చే బుడిపె అది. ఎప్పుడు పగులుతుందో చెప్పలేము. పక్కనే రిమ్ము అంచు కూడా వంగి ఉంది. బయటి నుంచి చూస్తే వీల్ క్యాపు మెరుస్తూనే ఉంది.

అదే టైరు మీద అప్పటికి రెండుసార్లు అబ్బాను కర్నూలు తీసుకువెళ్లి వచ్చాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు మారింది.

మర్నాడు నాలుగు కొత్త టైర్లు, పాత సైజులోనే వేయించాడు. వంగిన రిమ్ముకు బెండు తీయించి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాడు. మొత్తం ఇరవై వేల లోపు అయింది. తరువాతి ప్రయాణంలో మా బావగారు నంద్యాల దాటిన తర్వాత నిద్రపోయి కర్నూలు ఆసుపత్రి ముందే లేచారట. బండి ఎప్పటిలాగే పాతగానే ఉందని మేనల్లుడు నవ్వుతూ చెప్పాడు.

ఈ వ్యాసం చదివిన తర్వాత అల్లాయ్ వేయించాలో లేదో మీరు మీ అవసరాన్ని బట్టి నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయానికి ముందు మాత్రం ఒకసారి కిందికి వంగి మీ టైర్ల లోపలివైపు చూడండి.